టీ బల్ల దాకా

ఆ ఏడు మంచు పడిన తీరు గురించి ఆ ఒడ్డున ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు వాన పడటం, పడ్డ వాన పడ్డచోటే గాజులా గడ్డకట్టడం, ఆ గాజు మీద పొడి మంచు సన్నగా పరుచుకోవడం. కాలు పెడితే చాలు, మనిషి వెల్లకిలా. కెనడాలో కేప్ బ్రెటన్ దీవికి పడమటి వైపు కొండ మీద చిన్న ఆస్పత్రి ఉంది చూడండి, దాంట్లో ఆడవాళ్ళ వార్డంతా తుంటి విరిగిన ముసలమ్మలే. కోళ్ళకి గింజలు వెయ్యబోయి ఒకావిడ, చర్చి మెట్ల మీద ఇంకొకావిడ, "జారుతుందే, జాగ్రత్త!" అని పక్కింటావిడకి కేకేసి చెబుతూ చెబుతూ తనే జారి మరొకావిడ.

ఆ వార్డుకి పెద్ద నర్సు ఎఫీ. ఎర్ర హెక్టర్ గారి మోరాగ్ కూతురు. అక్కడ ఇంటిపేరు చెబితే పని జరగదు, సగం లోయకి ఒకటే ఇంటిపేరు. తండ్రి పేరో, తాత జుట్టు రంగో తగిలిస్తే గానీ ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేలదు. ఎఫీ మనిషి తాడిచెట్టంత పొడుగు, గొంతు మాత్రం పిచ్చుకంత. ఆ చిన్న గొంతుతోనే వార్డుని నడిపేది.

ఆవిడని తొలిచేసే బాధ ఒకటుంది. తుంటి విరిగి స్ట్రెచర్ మీద వచ్చిన వాళ్ళలో మళ్ళీ తమ కాళ్ళ మీద ఇంటికి వెళ్ళేవాళ్ళు బహు తక్కువ. ఆపరేషన్ చక్కగానే జరిగేది. డాక్టర్ లాక్లిన్ చెయ్యి మంచిది, విరిగిన ఎముకకి మేకు దిగ్గొట్టి అతికించడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ తర్వాతే వచ్చేది అసలు తంటా. మంచానికి అతుక్కుపోయేవాళ్ళు. వీపు పుళ్ళు పడేది, ఛాతీలో నెమ్ము చేరేది, నిన్నటిదాకా మనవళ్ళ పుట్టినరోజులన్నీ గడగడా చెప్పిన మనిషి కూతుర్ని చూసి "నువ్వెవరమ్మా?" అనేది. అలాంటి వాళ్ళని చివరికి రేవు అవతల ఉన్న వృద్ధుల ఆశ్రమానికి చేర్చేవాళ్ళు. వాళ్ళ వంటగదుల్లో కెటిల్ చల్లగా పడి ఉండేది.

అదీగాక వార్డులో ఒకరికొక తీరు. పక్కపక్క మంచాల మీద ఇద్దరు ముసలమ్మలు ఇలా అనుకోవడం ఎఫీ చెవిన పడింది.

"నిన్ను లేపారా?"

"లేపకేం, పొద్దున్నే లేపి నిలబెట్టి ఏడిపించారు. నిన్నో?"

"మా డాక్టరు కదలొద్దన్నాడు."

"అదృష్టవంతురాలివి."

"ఏమోనమ్మా. నీ కాలు నీ మాట వింటోంది. నాదేమో, మా ఆయన లాగే, విననట్టు పడుంది."

పెద్ద ఊళ్ళ ఆస్పత్రుల్లో కొత్త పద్ధతి వస్తోందని ఎఫీ విన్నది. ఒకే జబ్బుతో వచ్చేవాళ్ళందరికీ ఒకే తోవ. వాళ్ళు రాకముందే డాక్టర్లూ నర్సులూ వంటవాళ్ళూ అందరూ కూర్చుని, ముందు ఏది, తర్వాత ఏది అని గీసి పెట్టుకున్న తోవ. ఆ మాట ఎత్తగానే డాక్టర్ లాక్లిన్ పైపు నోట్లోంచి తీశాడు.

"నేనేమన్నా చేపల ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు బిగిస్తున్నానా ఎఫీ? ఒక్కో మనిషి ఒక్కో తీరు. అందరికీ ఒకే చొక్కా కుడతానంటావేం?"

"చొక్కా కాదు డాక్టరు గారూ, రోడ్డు. రోడ్డు ఒకటే ఉంటే నడిచేవాళ్ళందరూ ఒకటైపోతారా?"

"నీ గొంతు చిన్నదే గానీ," అన్నాడాయన, "నోరు మాత్రం మీ అమ్మదే." అని, అందరితో కలిసి కూర్చోడానికి వస్తానన్నాడు.

బట్టలుతికే గది గోడ పొడుగునా, కిరాణా కొట్టువాళ్ళిచ్చిన పొట్లాల కాగితం చుట్ట విప్పి అతికించింది ఎఫీ. ఒక చివర తలుపు బొమ్మ వేసింది, అది ఆస్పత్రి తలుపు. రెండో చివర ఇల్లు బొమ్మ, పొగగొట్టంతో సహా. "ఏం చెయ్యాలో రాయొద్దు, రోజూ నిజంగా ఏం చేస్తున్నారో అదే రాయండి," అంది. మత్తు ఇచ్చేవాళ్ళు రాశారు. వంటగది పెద్ద రాశాడు. రాత్రి నర్సులు రాశారు. ఫ్రెంచి మాట్లాడే అకాడియన్ల ఊరి నుంచి వచ్చి రోగులకి నడక నేర్పే ఒడెట్ తన గుండ్రటి అక్షరాలతో రాసింది. దుప్పట్లు మార్చేవాళ్ళు కూడా రాశారు. మొదట్లో నవ్వులూ, ఒకళ్ళ చేతిరాత మీద ఒకళ్ళు విసుర్లూ. రాను రాను గదిలో చప్పుడు తగ్గింది. ఒక చివర్నించి ఇంకో చివరికి ఆ కాగితం నిండిపోయేసరికి అందరూ వెనక్కి జరిగి చూశారు.

వాళ్ళల్లో ఏళ్ళ తరబడి ఆ పని చేస్తున్నవాళ్ళున్నారు. ఒక్కళ్ళూ అప్పటిదాకా దాన్ని మొత్తంగా చూడలేదు. ఎవరి గది వాళ్ళకి తెలుసు, ఎవరి పూట వాళ్ళకి తెలుసు. తలుపు దగ్గర్నించి ఇంటి దాకా ఒక ముసలమ్మ ఇన్ని చేతుల్లోంచి దాటుకుంటూ వెళుతుందని, మోసేవాళ్ళే ఎరగరు. వేసవిలో కొండ శిఖరం ఎక్కి, తాము పుట్టి పెరిగిన తీరమంతా మొదటిసారి ఒక్కచూపులో చూసినవాళ్ళు ఎలా నిలబడిపోతారో అలా నిలబడిపోయారు. వెనకాల మరుగుతున్న బట్టల బాన ఒక్కటే గుడగుడలాడుతోంది.

లాక్లిన్ తలుపు బొమ్మ దగ్గర వేలు పెట్టి మెల్లగా నడిచాడు. సగం దూరం వెళ్ళి ఆగాడు. వెనక్కొచ్చి మళ్ళీ చదివాడు.

"మొన్న తుఫాను రోజు ఆపరేషన్ వాయిదా పడినావిడకి తిండి ఎవరు పెట్టారు?" అన్నాడు.

అందరూ కాగితం మీదికి వంగారు. చూస్తే ఏముంది? ఆపరేషన్ ఉంది కదా అని వార్డువాళ్ళు తిండి ఆపారు. మంచు తుఫానుకి మత్తు డాక్టరు రాక ఆపరేషన్ మర్నాటికి పడింది. రేపు ఉంది కదా అని వంటగది వాళ్ళు ఆపారు. ఎవరి మట్టుకు వాళ్ళు చేసింది సబబే. ఆ సబబులన్నీ వరసగా పేర్చి చూస్తే, కడుపు మాడిన ముసలమ్మ ఒకతె మధ్యలో పడుకుని ఉంది.

"దేవుడా," అన్నాడాయన నెమ్మదిగా, పైపు జేబులో పెట్టేసుకుని. "ఎముక నేను అతికిస్తున్నాననుకున్నాను. ఇంతమంది అతికిస్తున్నారు. ఇంతమందిమీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు."

ఆ రోజు నుంచి ఆయన మళ్ళీ చొక్కా మాట ఎత్తలేదు. కొట్లాడుకుంటూ, టీలు తాగుకుంటూ, కొట్టేసి మళ్ళీ రాసుకుంటూ పద్ధతి ఒకటి తయారు చేశారు. ఆపరేషన్ వాయిదా పడితే ఆ పూటే వేడి సూపు. ఆపరేషన్ అయిన మర్నాడే నిలబెట్టడం. ఆ తర్వాత కుర్చీ దాకా, తర్వాత గుమ్మం దాకా, తర్వాత వసారా చివరి దాకా నడిపించడం. ఎవరికన్నా గుండె బలహీనమైతేనో, జ్వరం వస్తేనో ఎక్కడ ఆగాలో, ఎవరిని పిలవాలో, అదీ ఉంది. దానికి 'తుంటి బాట' అని పేరు పెట్టుకున్నారు.

అప్పుడు పడింది మోరాగ్. ఎఫీ వాళ్ళమ్మ.

ఆరేసిన బట్టలు చెక్కల్లా గడ్డకట్టాయని తీయబోయి, కొయ్యలా బిగిసిన హెక్టర్ గారి పాత పొడుగు చొక్కాని కౌగిలించుకుని అలాగే పడిపోయింది. స్ట్రెచర్ మీద తీసుకొస్తుంటే కూతురి చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది.

"ఒసే ఎఫీ, నన్ను రేవు దాటించకే. నా స్టవ్వు ఆరిపోకూడదు."

"దాటించనమ్మా," అంది ఎఫీ. ఇన్నాళ్ళూ తోవ గీసింది ఎవరో ముసలమ్మల కోసం. ఇప్పుడు ఆ తోవ మీద వాళ్ళమ్మని పెట్టాలి.

అంతా రాసుకున్నట్టే నడిచింది. లాక్లిన్ మేకు దిగ్గొట్టాడు. మర్నాడు పొద్దున్న ఒడెట్ ఒక పక్క, ఎఫీ ఒక పక్క పట్టుకుని మోరాగ్‌ని నిలబెట్టారు. ఆవిడ తిట్టిన తిట్లు లోయవాళ్ళ గేలిక్ భాషలో కాబట్టి ఒడెట్‌కి అర్థం కాలేదు, ఎఫీకి అర్థమై చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటోంది అక్కా?"

"నీకు చాలా బలమైన చేతులున్నాయంటోంది."

అంతే. మొదటి మెట్టు దగ్గరే బండి ఆగిపోయింది. గుమ్మం దాకా నడవాల్సిన రోజు వచ్చింది, నడవలేదు. వసారా చివరికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది, మోరాగ్ దిండ్ల మీదే ఉంది. పక్క మంచం లియోనీ అంతే. ఎదుటి మంచం ఆవిడా అంతే. వార్డులో అందరూ తమ వంతు చేస్తూనే ఉన్నారు. ముసలమ్మలు మాత్రం కదలరు. మోరాగ్ మడమ దగ్గర చర్మం ఎర్రబడటం ఎఫీ కంటపడింది. ఆ ఎరుపు తర్వాత ఏమొస్తుందో ఆవిడకి తెలుసు. ఆ తర్వాత రేవు.

తప్పు ఎక్కడుందో ఎఫీకి ఒక మధ్యాహ్నం కనబడింది. నర్సు బట్టలు మార్చుకుని, కూతురిగా వచ్చి కూర్చున్న మధ్యాహ్నం.

లోయలో ఒక అలవాటుంది. ఎవరన్నా మంచం పడితే వాళ్ళని ఒంటరిగా వదలరు. బానక్ రొట్టెలు, వెన్న, జాము సీసాలు, ఫ్లాస్కుల నిండా టీ పట్టుకుని వంతులవారీగా వచ్చి కూర్చుంటారు. మంచం మీద మనిషిని చిటికెన వేలు కదపనివ్వరు. కదపనిస్తే చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి తలవంపులు. ఆ మధ్యాహ్నం మోరాగ్ చుట్టూ మంచమే కనబడనంత మంది. జెస్సీ పిన్ని రొట్టె తుంచి నోట్లో పెడుతోంది. ఇంకొకావిడ దిండు సర్దుతోంది. చర్చి ఫాదర్ గారి చెల్లెలు కాళ్ళు ఒత్తుతోంది. ఒడెట్ వాకర్ తోసుకుంటూ వచ్చింది.

"మోరాగ్ అమ్మగారూ, గుమ్మం దాకా వెళ్ళొద్దామా?"

"అయ్యో, టీ తాగుతోంది కదమ్మా," అంది జెస్సీ. "పాపం, అలిసిపోయుంది. రేపు చూద్దువులే, తల్లీ. ఇదిగో, నువ్వూ ఒక రొట్టె ముక్క తీసుకో."

ఒడెట్ ఏం చేస్తుంది? పెద్దవాళ్ళు. రొట్టె ముక్క పుచ్చుకుని వెళ్ళిపోయింది. లియోనీ దగ్గరికి వెళితే అక్కడా ఇంతే, అక్కడ మాంసం కూరి కాల్చిన రొట్టె పెట్టారు.

ఎఫీ నోరు తెరిచి వాళ్ళని ఏదో అనబోయింది. అప్పుడు తన చేతిలోకి చూసుకుంది. తన చేతిలో సాసరు. ఆ సాసరు అమ్మ గడ్డం కింద. టీ ఊది, చల్లార్చి, అమ్మ చేత తాగిస్తున్నది తనే.

మర్నాడు లాక్లిన్ గదికి వెళ్ళి నిలబడింది.

"మన బాటలో ఒక పెద్ద గొయ్యుంది డాక్టరు గారూ. అందరి పనీ రాశాం, చుట్టాల పని రాయలేదు."

ఆవిడ చెప్పిందంతా విని ఆయన బల్ల మీద కొట్టాడు. "మానిపిస్తాను! తలుపుకి గొళ్ళెం పెట్టిస్తాను!"

"ఈ ఊళ్ళోనా? కిటికీల్లోంచి వస్తారు. ముందు ఫాదర్ గారే ఎక్కుతారు."

ఆయనకి నవ్వాగలేదు. "నిజమే. మా ఆవిడ ఆయనకి నిచ్చెన పట్టుకుంటుంది." బల్ల మీంచి చెయ్యి తీసేసి, "మరెలా ఎఫీ? ఆ మడమ నేనూ చూశాను," అన్నాడు. ఈసారి ఆ గొంతులో డాక్టరు లేడు. మోరాగ్ వంటగదిలో చిన్నప్పట్నించీ టీ తాగి పెరిగిన కుర్రాడున్నాడు.

దారి మోరాగే చూపించింది, తెలియకుండా. ఆ పూట జెస్సీ ఒక్కతే వచ్చింది. ఎఫీ టీ పోసి, ముందు అమ్మకి ఇవ్వబోయింది. మోరాగ్ కస్సుమంది.

"వచ్చినావిడకి ముందు పోయవే! ఎవరు పెంచారే నిన్ను? ఆ నీళ్ళ టీ ఏమిటి, అతిథికి పోసే టీయేనా అది? నేను గనక లేస్తేనా..."

నేను గనక లేస్తే. ఆ మాట గదిలో అలా ఉండిపోయింది. ఎఫీ టీ కెటిల్ పట్టుకుని దానికేసి కొత్తగా చూసింది. లోయలో రెండో అలవాటు కూడా ఉంది మరి, మొదటిదానికంటే పాతది. గడపలోకి మనిషి వస్తే ఆ ఇంటావిడ లేవాలి. ఒంట్లో బాగున్నా లేకపోయినా, తన చేత్తో టీ పొయ్యాలి. ఇంటావిడ ఉండగా వచ్చినవాళ్ళు తమంతట తాము పోసుకుని తాగారంటే, ఆ ఇంటి మాట మూడు తరాలు చెప్పుకుంటారు.

ఇన్నాళ్ళూ వీళ్ళు మోరాగ్‌ని రోగిని చేసి కూర్చోబెట్టారు. రోగి లేవకూడదు. ఇంటావిడ అయితే?

ఎఫీ లాక్లిన్‌నీ ఒడెట్‌నీ వంటగది పెద్దనీ కూడేసింది. వసారా చివర సముద్రం వైపు కిటికీలున్న గది ఒకటి ఊరికే పడుంది. అందులో పొడుగాటి బల్ల వేయించారు. తెల్లటి గుడ్డ పరిచారు. ఇకనుంచి మంచం దగ్గర టీ లేదు. టీ ఆ బల్ల మీదే. చుట్టాలు వస్తే రావచ్చు, ఎంతమందైనా రావచ్చు, కాకపోతే వాళ్ళు కూర్చునేది ఆ గదిలో. మంచంలో ఉన్నావిడే వచ్చి వాళ్ళకి పొయ్యాలి.

"రాకపోతే?" అంది ఒడెట్.

"రాకపోతే," అంది ఎఫీ, గొంతు ఇంకా చిన్నదైపోయి, "జెస్సీ పిన్ని పోస్తుంది."

ఆ మధ్యాహ్నం చుట్టాలందరినీ ఆ గదిలో కూర్చోబెట్టారు. వాళ్ళకి ఎఫీ ముందే చెప్పి దణ్ణం పెట్టింది. మోరాగ్ మంచం పక్కన ఎవరూ లేరు. వాకర్ ఒక్కటుంది. ఎఫీ గుమ్మం దగ్గర దుప్పట్లు మడతపెడుతున్నట్టు నిలబడింది. మడత పెట్టిందే మళ్ళీ విప్పి పెడుతోంది.

వసారా చివర్నించి కప్పుల చప్పుడు వచ్చింది. నవ్వులు వినిపించాయి. మోరాగ్ దిండు మీంచి తల ఎత్తింది.

"వచ్చారా? ఎవరెవరు?"

"అందరూ వచ్చారమ్మా. ఆ గదిలో ఉన్నారు."

"అక్కడెందుకు? ఎవరు చూస్తున్నారు వాళ్ళని?"

"జెస్సీ పిన్ని టీ పోస్తోంది."

మోరాగ్ మొహంలో రంగు మారింది. "జెస్సీయా? ఆకు వెయ్యకముందే నీళ్ళు దించేసే జెస్సీయా? నా చుట్టాలకా?" దుప్పటి తీసి అవతల పారేసింది. "ఆ కర్రల బండి ఇటు తొయ్యవే. చూస్తావేం?"

ఒడెట్ పక్కకి వచ్చింది. ముట్టుకోలేదు, పడితే పట్టుకునేంత దూరంలో చేతులు పెట్టుకుంది. మోరాగ్ లేచింది. నొప్పికి పెదవి కొరుక్కుంది. వాకర్ ముందుకి, కాలు ముందుకి. మళ్ళీ వాకర్. మంచం కోడు దాటింది. గుమ్మం దాటింది. ఎఫీ చేతిలోంచి దుప్పటి జారిపోయింది, వంగి తీయడం కూడా మర్చిపోయింది.

"ఎక్కడికి మోరాగ్?" అని లియోనీ వెనకనుంచి అరిచింది.

"టీకి. మీ వాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. నువ్వు అలాగే పడుకో, వాళ్ళకి కూడా జెస్సీయే పోస్తుంది!"

"ఆగవే, నేనూ వస్తున్నా!"

లియోనీ లేచింది. ఎదుటి మంచం ఆవిడ లేచింది. ఆ వెనక చర్చి మెట్ల ఆవిడ. ఒడెట్ ఒకరి నుంచి ఒకరికి పరిగెత్తి అందుకుంటోంది, మిగతా నర్సులు వాకర్లు తెచ్చిస్తున్నారు. కాసేపటికి ఆ వసారాలో ఎలా ఉందంటే, చలికాలం ఆఖర్న సముద్రం మీద ఒడ్డుకి అతుక్కుని కదలక మెదలక ఉన్న మంచు పలకలు ఏదో ఒక పొద్దున విడివడి ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయే, అలా ఉంది. తెల్ల గౌన్లు, తెల్ల జుట్టు, నేల మీద వాకర్ల టక్, టక్. ఒకావిడ కాలు ఈడ్చుకుంటూ, ఒకావిడ గొణుక్కుంటూ, ఒకావిడ ఏకంగా పాడుకుంటూ. బాట ఒకటే. నడక మాత్రం ఎవరిది వాళ్ళదే.

లాక్లిన్ గోడకి ఆనుకుని దారిచ్చాడు. చర్చిలో తీసినట్టు టోపీ తీసి ఛాతీకి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎముకలు అతికించిన మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎఫీ," అన్నాడు గుసగుసగా, "వీళ్ళందర్నీ నేనే అతికించాను. వీళ్ళల్లో ఒక్కళ్ళు కూడా నడవగా చూడలేదు."

మోరాగ్ బల్ల దగ్గరికి చేరింది. ఆవిడ ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, రెండో చేత్తో కెటిల్ మూత తీసి లోపలికి చూసింది.

"అనుకున్నాను," అంది. "వంటగదికి పంపి మళ్ళీ కాయించండి. ఇంకో గుప్పెడు ఆకు వెయ్యమనండి. జెస్సీ, కూర్చోవే తల్లీ, నిన్ను నిలబెట్టారా? నా మర్యాద ఏమైపోను!"

జెస్సీ కూర్చుంది. కూర్చుని ఏప్రాన్‌లో మొహం దాచుకుని భోరుమంది. టీ బాగాలేదన్నందుకు కాదు.

ఆ సాయంత్రం ఎఫీ బట్టలుతికే గదికి వెళ్ళింది. తలుపు బొమ్మకీ ఇంటి బొమ్మకీ మధ్య, ఇల్లు దగ్గరపడే చోట, టీ కెటిల్ బొమ్మ వేసింది. అందరి పనులూ ఉన్న వరసలో చుట్టాల పని కూడా చేర్చింది. కూర్చుని, ఇంటావిడ వచ్చేదాకా చూడటం వాళ్ళ పని. డాక్టర్ లాక్లిన్ దాని కింద సంతకం పెట్టి, రోగుల్ని చూసే వేళని టీ వేళకి మార్చేసుకున్నాడు.

మంచు కరిగి నేల నల్లగా బయటపడుతున్న రోజుల్లో మోరాగ్ ఇంటికి బయల్దేరింది. చేతికర్రతో, తన కాళ్ళ మీద. స్టవ్వు ఆరనివ్వకుండా వంతులేసుకుని కాసిన జెస్సీ వాళ్ళకి ఏం పెట్టాలా అని దారిలోనే లెక్కలేసుకుంటోంది. ఆస్పత్రి తలుపు దగ్గర వాళ్ళకి ఒక స్ట్రెచర్ ఎదురొచ్చింది. ఉత్తరపు కొస నుంచి తెచ్చారు, ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. సన్నటి ముసలమ్మ, కళ్ళల్లో బెదురు, తుంటి దగ్గర దుప్పటి ఎత్తుగా ఉంది.

మోరాగ్ ఆగి, ఆవిడ చెయ్యి పట్టుకుంది. "భయపడకమ్మా. టీ మాత్రం గట్టిగా పెట్టమను."

స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది. ఎఫీ తలుపు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. వంటగదిలో అప్పటికే సూపు దాక కింద మంట పెంచారు. ఒడెట్ వాకర్ ఎత్తు సరిచేస్తోంది. వసారా చివర ఎవరో బల్ల మీద తెల్లగుడ్డ దులిపి పరుస్తున్నారు. వచ్చినావిడ పేరు ఇంకా ఎవరూ అడగనేలేదు, ఆవిడ దారంతా ఆవిడకంటే ముందే లేచి సిద్ధమైపోతోంది. ఇంకా పడని వాళ్ళకి కూడా, ఇంకా ముసలివాళ్ళు కాని వాళ్ళకి కూడా.

"ఏమే, వస్తావా, నన్నే నడిచి పొమ్మంటావా?" అని అరిచింది మోరాగ్ కారు దగ్గర్నించి.

అప్పటికే అంత దూరం నడిచి వెళ్ళిపోయింది ఆవిడ.